ముప్పై ఏడో ఫ్రేము

అల్వాల్ స్టేషన్‌లో లోకల్ రైలు ఆగేసరికి ఉదయం తొమ్మిదీ పది. టిఫిన్ డబ్బా పట్టుకుని దిగిన మనిషి ప్లాట్‌ఫాం మీద ఆరడుగులు వేశాడు. ఏడో అడుగు పడలేదు. శబ్దమేమీ రాలేదు. పక్కన నడుస్తున్న పూలామె అతనికి కళ్లు తిరిగాయనుకుని మొహం మీద నీళ్లు చల్లింది. చొక్కా మీద ఎర్రమరక పెద్దదవుతుంటే బుట్ట అక్కడే వదిలి వెనక్కి జరిగింది.

ఆ రోజు 1998 ఆగస్టు పదకొండు. చనిపోయినవాడి పేరు జనార్ధన్. డబ్బాలో అన్నం లేదు. పాలిథిన్ కవరులో చుట్టిన నెగెటివ్‌లు ఉన్నాయి.

మధ్యాహ్నానికి ఆ నెగెటివ్‌లు సెక్షన్ నైన్ అనే రహస్య నిఘా విభాగం ఆఫీసులో, లైట్ బాక్స్ మీద పరిచి ఉన్నాయి. చీఫ్ వీరభద్రం భూతద్దం ధరణి వైపు జరిపాడు. ధరణికి ముప్పై ఏళ్లు. సర్వీసు ఏడేళ్లు. మాటలు తక్కువ కాబట్టి ఆమెను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఈ ఉద్యోగానికి అది పెద్ద అర్హత.

"జనార్ధన్ ఆ విదేశీ ముఠా కొరియర్. నిన్న ఫోన్ చేశాడు, లొంగిపోతానని. ఒక్క మాటే చెప్పాడు. పదిహేనో తేదీ పొద్దున రేడియో నోరు మూసి, అదే ఫ్రీక్వెన్సీ మీద తమ బులెటిన్ చదువుతారట. సిటీలో మారణకాండ జరిగిందని. రేడియో చెబితే జనం నమ్ముతారమ్మా. సాయంత్రానికి నిజంగానే జరుగుతుంది."

"అతను వస్తున్నట్టు ఎవరికి తెలుసు సార్?"

"నాకు. ముఠా లోపల మనం పెట్టిన మనిషికి, కోడ్ పేరు మైనా. నువ్వు మాత్రం ఫొటోగ్రాఫర్ సంగతి చూడు."

ధరణి వంగి చూసింది. ఆరు స్ట్రిప్పులు, ఒక్కోదానిలో ఆరు ఫ్రేములు. రేడియో మాస్టు, దాని కాళ్లు, ఫీడర్ కేబుల్ దిగే గది, గేటు, గార్డు నిలబడే చోటు. టీవీ రిలే టవరు. ఒక పత్రిక ప్రెస్సు, దాని వెనక గోడ. ఎక్కడా చెయ్యి వణకలేదు. పని తెలిసినవాడు తీసినవి.

మొదటి ఫ్రేములో మాత్రం టవరు లేదు. గోడ మీద కొమురెల్లి మల్లన్న పటం, దాని పక్కన దండ వేసిన చిన్నపిల్ల ఫొటో.

"అది పొరపాటున పడింది," అన్నాడు వీరభద్రం.

"కాదు సార్. బోణీ. మా ఊరి స్టూడియోలోనూ అంతే. రోలు ఎక్కించగానే మొదటి ఫ్రేము దేవుడికి. తర్వాతే గిరాకీకి. విదేశీ ముఠాకి ఈ అలవాటు తెలియదు. తెలిస్తే కత్తిరించేవాళ్లు." ఆమె వేలు చివరి స్ట్రిప్పు అంచు దగ్గర ఆగింది. "ఇక్కడ మాత్రం కత్తిరించారు. రోలు చివర కొంత ఖాళీ ఫిల్ము మిగలాలి. బొమ్మని ఆనుకునే కత్తెర పడింది."

"ఏం తీసేశారు?"

"తీసినవాడినే అడగాలి సార్."

---

మేడ్చల్‌లో ఏడు స్టూడియోలు తిరిగింది. జనార్ధన్ రైలెక్కింది ఆ ఊళ్లోనే. ప్రతిచోటా ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో దిగింది, గోడలు చూసింది. తిరుపతి వెంకన్న ఉన్నాడు, దర్గా ఉంది, సినిమా హీరోలు ఉన్నారు. మల్లన్న, దండ వేసిన పిల్ల పక్కపక్కన లేరు. రెండో రోజు షామీర్‌పేట బస్‌స్టాప్ ఎదురుగా ఉన్న చిన్న గదిలోకి అడుగుపెట్టింది. ఎదురుగోడ మీద ఇద్దరూ ఉన్నారు.

కౌంటర్ వెనక యాభై ఏళ్ల మనిషి కత్తెరతో ఫొటోల అంచులు కత్తిరిస్తున్నాడు. పేరు మల్లేశం. చదువు ఆగిపోయిందనీ పని నేర్చుకోవడానికి వచ్చాననీ ధరణి చెప్పింది. ఆయన ఆమె మొహం చూడలేదు. మెడ కింద చూశాడు.

"ఏమనుకోకు బిడ్డా. గా రెండో గుండీల లెన్సున్నది. ఏంది సంగతి?"

సెక్షన్ నైన్ ల్యాబ్ ఆరు నెలలు కష్టపడి చేసిన బటన్ కెమెరా అది. ధరణి చెయ్యి గుండీ మీదికి పోయింది.

"ముప్పై ఏండ్ల సంది లెన్సు మొహమే సూస్తున్న. కెమెరాలంటే గంత పిచ్చా నీకు?"

"అవు కాకా."

"గట్లయితే నేర్సుకో. గా గుండీది మాత్రం అక్కెరకు రాదు. వెలుగు సాలదు."

లోపలి నుంచి ఆయన భార్య రాధమ్మ చాయ్ తెచ్చింది. స్టూడియో వెనకే ఇల్లు. చాయ్ తాగుతుంటే నెత్తి మీదుగా విమానం పోయింది. హకీంపేట నుంచి లేచే శిక్షణ విమానాలు అక్కడ అందరికీ అలవాటే. మాట ఆపి, అది పోయాక మళ్లీ అక్కణ్నుంచే అందుకుంటారు. రాధమ్మ మాత్రం ఆకాశం వైపు కోపంగా చూసింది.

"గా దొంగముండే, బిడ్డ మాట మింగింది," అన్నది.

ధరణి అడగలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుంది. అడగనివాళ్లకే జనం చెబుతారు.

"మా అశ్రిత," అన్నాడు మల్లేశం, దండ వేసిన ఫొటో వైపు తిరగకుండానే. "నాలుగో తరగతిల రేడియోకు పోయింది. పిల్లల ప్రోగ్రాం. సార్లు తోల్కపోయిండ్రు. శనారం పగటిపూట రేడియోల ఒచ్చింది గది. నేను ఇన్లే. మేడ్చల్ల పెండ్లి ఉండె, బ్యాండు సప్పుడుల ఉన్న. గా సలికాలమే మెదడువాపు జ్వరమొచ్చింది. మూడు దినాలు."

"నేనిన్న," అన్నది రాధమ్మ. "మంచిగ మాట్లాడింది. రేడియో అక్కయ్య అడిగింది, పెద్దగైనంక ఏమైతవమ్మా అని. ఇది నవ్వింది. జవాబు చెప్పేటాల్లకు గాలిమోటరొచ్చె. అది పొయ్యేదాంక ఏమినబడలే. ఎన్కసిరి తీరిగ్గ అడుగుదామనుకున్న. పనుల మరిసిన. ఎన్కసిరంటే ఎక్కడిది."

"ఫోటోలు తీస్తనే అనుంటది," అన్నాడు మల్లేశం. "డార్క్ రూముల ఎప్పుడు నా ఎంబడే."

"నీ మొహం. టీచరమ్మ అయితననుంటది. వాడకట్టు పోరగాండ్లను గోడకు నిలవెట్టి బెత్తంతోని కొట్టేది."

"నిన్నుగూడ కొట్టింది గద."

"కొట్టింది. ఎక్కం తప్పు జెప్పినా అని."

ఇద్దరూ నవ్వారు. తొమ్మిదేళ్లుగా తెగని పంచాయితీ అది.

టవర్ల సంగతి ధరణి అడగనే అక్కర్లేకపోయింది. దాచాల్సింది ఉందని మల్లేశానికి తెలిస్తే కదా. రేడియోలో పనిచేసే ఒక మేడమ్ రెండు నెలల కింద వచ్చిందట. ప్రసార కేంద్రాల మీద క్యాలెండర్ వేస్తున్నారు, మంచి ఫొటోగ్రాఫర్ కావాలి అన్నదట. పైసలు ఇవ్వబోతే ఈయన వద్దన్నాడు. అశ్రిత టేపు ఉంటే వెతికి ఇయ్యమన్నాడు. ఆమె నిజంగానే వెతికింది. చెవిలో తీగ పెట్టుకుని వినే చిన్న మిషన్‌లో మూడు మాటలు వినిపించింది. "నా పేరు అశ్రిత." అంతే. మిగతాది పని అయ్యాక అన్నది.

"గా మూడు మాటలకు నేను సిటీల ఉన్న టవర్లన్ని తీసిన బిడ్డా. ఇంక తియ్యమంటే ఢిల్లీవి గూడ తీస్తుంటి."

"రోలు ఆఖర్ల ఏం తీసినవు కాకా?"

"గా ఆఖరిదా? ముప్పై ఆరని డబ్బ మీద రాస్తరు గని, సక్కగ ఎక్కిస్తే ముప్పై ఏడొస్తయి. మొదటిది దేవునికి. ఆఖరిది కంపెనోడు ఊకె ఇచ్చింది, దాన్ల పక్కనెవలుంటే ఆ మనిషిని తీస్త. నా అలవాటు. గా దినం మేడమే ఉండె. వద్దు వద్దంటనే ఉన్నది. అయినా నొక్కిన. ప్రింటు గూడ తీసిన, యాడ వెట్టిన్నో దొరుకుతలే."

---

మైనా కబురు పదమూడో తేదీ వచ్చింది. షామీర్‌పేట చెరువు కట్ట మీద కలవాలని, సాయంత్రం నాలుగింటికి.

లేత నీలం చీర, నల్ల కళ్లద్దాలు, గాలికి ఎగురుతున్న జుట్టు. కట్ట మీద నడిచే నలుగురూ తలలు తిప్పి చూస్తున్నారు. ఆమె తూము దగ్గర ఆగి, గేదెలు కాస్తున్న మనిషికి వినబడేలా అడిగింది.

"ఇక్కడ కొంగలు ఏ నెలలో వస్తాయండీ?"

"నీళ్లు తగ్గితే వస్తాయి," అన్నది ధరణి. కోడ్ సరిపోయింది. అద్దాలు తీసిన మనిషిని చూసి ధరణి గుండె ఒక్కసారి తేలికపడింది. బాలాత్రిపురసుందరి. ట్రైనింగ్‌లో ఒకే గది. జ్వరమొస్తే ధరణికి గంజి కాచి పోసిన పిల్ల. కాకినాడ వాళ్ల అమ్మాయి. ఇన్నాళ్లూ శత్రువుల మధ్య మైనాగా ఉన్నది ఈమేనన్నమాట.

"చిక్కిపోయావే," అన్నది సుందరి. "ఇంకా నీళ్ల మజ్జిగేనా?"

"నువ్వు మెరిసిపోతున్నావు."

"డ్యూటీ మరి." నవ్వి, వెంటనే గొంతు తగ్గించింది. "విను. టార్గెట్ రేడియో కాదు, సిటీలో ప్రెస్సు. అక్కడ కరెంటు పోవడమే సైగ, ఆ తర్వాతే రేడియో తంతు మొదలవుతుంది. చీఫ్‌కి చెప్పాను, ఫోర్సంతా అక్కడికే. నీ ఫొటోగ్రాఫర్‌ని వాడుకున్న మేడమ్ నిన్ననే దేశం దాటింది. ముసలాయన్ని వదిలెయ్, పాపం."

"నువ్వు చూశావా ఆయన్ని?"

"నేనా? షామీర్‌పేట రావడమే ఇది మొదటిసారి. బాగుందే చెరువు."

---

పదిహేనో తేదీ ఉదయం ఏడుంబావుకు ధరణి స్టూడియోకు వెళ్లింది. ఆమెకు అక్కడ పని లేదు. సిటీకి బయల్దేరే ముందు ఆ ఇద్దరికీ చెప్పి పోవాలనిపించింది.

మల్లేశం లేడు. చెరువు అవతల టవర్ గుట్ట మీద రేడియో ప్రసార కేంద్రంలో ఏటా జెండా ఎగరేసే ఫొటోలు ఆయనే తీస్తాడని రాధమ్మ చెప్పింది. గేటు దగ్గర గార్డు ఓదెలు వీళ్ల ఊరివాడే, పదేళ్లుగా ఆయన సంచి కూడా చూడకుండా లోపలికి వదులుతాడట.

"నిన్న పొద్దుగూకినంక మేడమొచ్చి టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్ ఇచ్చిపోయింది బిడ్డా. అశ్రిత టేపు దాంట్లనే ఉన్నదట. పాతది, ఇంటికాడ ఏస్తే తెగుతదట. ఏడున్నరకల్ల టవరు కాడ పెద్ద రూముల పెట్టుమన్నది, ఆడ పెద్ద మిషను మీద ఏసి వినిపిస్తరట. రాత్రంత నిద్రపోలే మీ కాక." ఆమె కౌంటర్ మీది కవరు తీసింది. "గిది మేడమ్ ఫోటో. నిన్ననే దొరికింది, ఇచ్చుడు మరిసిండు. నువ్వు గాడికి పోతే ఇస్తవా?"

కవరు మీద పెన్సిల్‌తో '37' అని రాసి ఉంది.

లోపల సుందరి. చెయ్యి అడ్డం పెట్టబోతూ, నవ్వు ఆపుకోలేక. వెనక షామీర్‌పేట చెరువు, దాని వెనక రేడియో మాస్టు.

జనార్ధన్ లొంగిపోతున్న సంగతి తెలిసిన ఇద్దరిలో ఒకరు మైనా. ధరణి అప్పటికే వీధిలో ఉంది. ఎస్టీడీ బూత్ నుంచి చీఫ్‌కి నాలుగు ముక్కలు చెప్పి, అటుగా పోతున్న ఆటోను ఆపింది. గుట్టకు దారి చెరువు కట్ట మీదుగానే.

కట్ట సగానికి వచ్చేసరికి మల్లేశం లూనా బండి కనిపించింది. దాని పక్కన, తూము గోడ మీద ఆయన కూర్చుని ఉన్నాడు. మెడలో కెమెరా. ఒళ్లో నల్లటి టూ-ఇన్-వన్. అందులోంచి పిల్లల గొంతులు.

ఆటోవాడిని వెనక్కి పొమ్మని, ఆమె పరుగెత్తింది.

"కాకా. దాన్ని కింద పెట్టు."

"ఆగు బిడ్డా. గంట సంది కూసున్న. ఏలు పోతలే బటన్ మీదికి. గిప్పుడే ఒత్తిన. ఇద్దరు పోరగాండ్లు అయిపోయిండ్రు, ఇగ మనదే."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, పెట్టెను కదల్చకుండా వెనక బ్యాటరీ మూత జరిపింది. ఆరు బ్యాటరీలు ఉండాల్సిన చోట రెండున్నాయి. మిగతా జాగాలో మైనం లాంటి ముద్ద, వైర్లు, పట్టీ తీసేసిన డిజిటల్ వాచీ. అంకెలు తగ్గుతున్నాయి. 1:52. 1:51.

"ఇది బాంబు కాకా. నిన్ను ఆపరని తెలిసే నీకిచ్చింది. నేను పోలీసులాంటిదాన్నే. చెరువులో పారెయ్."

మల్లేశం వాచీ చూశాడు. ఆమెను చూశాడు. గుట్ట మీద మాస్టు చూశాడు. అక్కడ లౌడ్‌స్పీకర్‌లో ఎర్రకోట ప్రసంగం వినబడుతోంది. గేటు దగ్గర ఓదెలు, జెండా కోసం వచ్చిన బడిపిల్లలు చిన్న చిన్న చుక్కల్లా ఉన్నారు.

"కేసెట్ తీసుకుంట. పెట్టె పారేస్త."

ధరణి కేసెట్ తలుపు చూసింది. అంచులు అతికించి ఉన్నాయి. సందులోంచి సన్నని రాగి తీగ లోపలికి పోతోంది. తెరిస్తే అప్పుడే పేలుతుంది. పెట్టె లాక్కున్నా అంతే కావచ్చు.

"తియ్యనీకి రాదు కాకా."

పెట్టెలోంచి ఒక ఆడగొంతు, "ఇప్పుడు నీ పేరు చెప్పమ్మా," అన్నది.

"నా పేరు అశ్రిత. నాది షామీర్‌పేట. నాలుగో తరగతి బి సెక్షన్."

మల్లేశం కళ్లు మూసుకున్నాడు.

"నువ్వు పో బిడ్డా. కట్ట దిగి పండుకో. నేను లెక్కపెడ్త."

"కాకా…"

"డార్క్ రూముల గడియారముంటదా? ముప్పై ఏండ్లు నోట్లెనే లెక్కపెట్టిన. ఒక్క సెకను గూడ తప్పలే."

ఆమె పోలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి. కూతురు పద్యం చెప్పింది. మధ్యలో మరిచి, మళ్లీ మొదటి నుంచి అందుకుంది. వాళ్ల నాయిన ఫొటోలు తీస్తాడనీ, తనకు ఎర్రలైటు అంటే భయం లేదనీ చెప్పింది. ఆడగొంతు నవ్వింది. ధరణి వాచీ వైపు చూడలేకపోయింది, చూడకుండానూ ఉండలేకపోయింది. 0:14.

"మరి పెద్దయ్యాక ఏమవుతావమ్మా?"

పిల్ల నవ్వింది. తొమ్మిదేళ్ల కింద విమానం చప్పుడుకు ముందు వినబడ్డ నవ్వు అదే.

"అక్కయ్యా, నేను పెద్దగైనంక…"

మల్లేశం లేచి, రెండు చేతులతో పెట్టెను తూము అవతలి లోతులోకి విసిరాడు. ఆ వెంటే ధరణి ఆయన్ని లాక్కుని కట్ట ఇవతలికి దొర్లింది. నీళ్లలో పడ్డ చప్పుడు. తర్వాత నేల ఒక్కసారి ఎగిరి పడింది. చెరువు తాటిచెట్టంత లేచి, బురదై వాళ్ల మీద కురిసింది.

గుట్ట మీద ప్రసంగంలో ఒక్క అక్షరం కూడా ఆగలేదు.

---

గుట్ట చుట్టుపక్కల గాలిస్తే, తూంకుంటలో కొత్తగా రాళ్లు పాతిన ఒక లేఅవుట్‌లో సుందరి దొరికింది. పెళ్లి వీడియో వాళ్ల వ్యాను, లోపల ట్రాన్స్‌మిటర్, మైకు ముందు టైపు చేసిన బులెటిన్ కాగితం. రేడియో ఎప్పుడు ఆగుతుందా అని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎదురుచూస్తోంది. రేడియో ఆగలేదు, చీఫ్ మనుషులు వచ్చారు.

ఒంటి నిండా బురదతో వచ్చిన ధరణిని చూసి అద్దాలు తీసింది.

"అంతా లెక్క ప్రకారమే వేశానే. ముసలాయన ఏడున్నరకి గేటు దాటాలి."

"నీ లెక్కలో ఆయన తండ్రి కాదు, కొరియర్," అన్నది ధరణి. "ఎందుకు చేశావు?"

సుందరి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. జీపు ఎక్కుతూ, "జ్వరమొస్తే ఇప్పుడెవరు చూస్తున్నారు నిన్ను?" అని మాత్రం అడిగింది. ధరణి జీపు తలుపు వేసింది.

మధ్యాహ్నం ఆమె రేడియో స్టేషన్‌కు వెళ్లి అశ్రిత మాట్లాడిన అసలు టేపు స్పూలు కోసం అడిగింది. లైబ్రరీలో ఉన్నాయన రిజిస్టర్ తిప్పి, బీరువాలోంచి స్పూలు తీసి, మిషన్ మీద వేశాడు. వరిలో దోమపోటు నివారణ గురించి ఎవరో నిదానంగా మాట్లాడుతున్నారు. టేపులు చాలవనీ, పాతవాటి మీదే రికార్డు చేస్తారనీ ఆయన చెప్పాడు. ఇది పోయిన నెలలో చేసింది.

వీరభద్రం రిపోర్టు తనే రాశాడు. ప్రాణనష్టం లేదు, ఆస్తినష్టం లేదు. ఏదైనా కలపాలా అని అడిగాడు.

"వద్దు సార్."

సాయంత్రం స్టూడియో తలుపు సగం మూసి ఉంది. మల్లేశం స్నానం చేసి కొత్త రోలు ఎక్కిస్తున్నాడు. మొదటి ఫ్రేము మల్లన్నకు తీశాడు. రాధమ్మ గడప మీద కూర్చుని, పొద్దుటి నుంచి అడుగుతున్నదే మళ్లీ అడిగింది.

"ఇన్నవా? చెప్పవేంది?"

ఆయన కెమెరా పక్కన పెట్టాడు.

"ఇన్న. నువ్వన్నదే. టీచరమ్మ అయితనన్నది."

రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చెప్పలే?" అన్నది చివరికి. "తొమ్మిదేండ్ల సంది చెప్తలేనా నీకు?" ధరణి వైపు తిరిగింది. "నువ్వు గూడ ఇన్నవా బిడ్డా? గట్లనే అన్నదా?"

మల్లేశం తల ఎత్తలేదు. కత్తెర తీసుకుని, అంచులు ఇంతకుముందే కత్తిరించిన ఫొటోను మళ్లీ కత్తిరించసాగాడు.

"అన్నది చిన్నమ్మా," అంది ధరణి. "మంచిగ ఇనబడ్డది."

ఏడేళ్ల సర్వీసులో ఆమె ఆడిన ప్రతి అబద్ధానికీ ఆఫీసులో ఒక ఫైలు నంబరుంది. దీనికి లేదు.